మొద్దు గుత్త

గేటు తీసుకుని లోపలికొచ్చిన పెద్దాయన వేప మొద్దు చుట్టూ ఒకసారి తిరిగాడు. మడమతో అక్కడక్కడా నేల తట్టి చూశాడు. బేరం సంగతి ఎత్తకముందే ఒక ప్రశ్న వేశాడు.

"ఇంత మొదలంటా ఎవరు కోశారు మాస్టారూ దీన్ని?"

కోసినవాళ్లు రంపం మిషనుతో వచ్చి కోసుకుపోయారు. వాళ్లు కట్టెకు ధర కట్టి కొన్నారు. అడుగు పైన కోస్తే అడుగు కలప పోయినట్టే కదా, అందుకని నేలకు ఆనించి కోశారు. చూడ్డానికి నున్నగా, పీట వేసినట్టు ఉందని ఇంటివాళ్లూ సంతోషించారు. మొద్దు తీసేవాడి కంటికి మాత్రం అది చేతులు విరిచేసిన పని. బోదె ఓ ఆరడుగులు నిలబడి ఉంటే, వేర్లు నరికాక పైన మోకు కట్టి ఇద్దరు లాగితే చాలు, చెట్టు బరువే చెట్టును పడగొడుతుంది. ఆ ఆరడుగుల బోదె ఎవరూ కొనక్కర్లేని, ఎవరూ మోయక్కర్లేని మీటకర్ర. దాన్ని ముందే కోసుకుపోయాక మిగిలేది పట్టు దొరకని గుండు. మొండి మొద్దు, రాని మొద్దు అని మనం తిట్టుకునేవాటిలో సగానికి పైగా ఇలా తయారైనవే అని ఆ పని చూశాక నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఈ ఇల్లు నరసరావుపేటలో బరంపేట వైపు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి పేట జిల్లా కేంద్రం అయిన దగ్గర్నుంచి ఊళ్లో ఖాళీ జాగా విలువ తెలిసొచ్చింది. పెరళ్లు వాటాలవుతున్నాయి, ముంగిళ్లు కారు షెడ్లవుతున్నాయి. మాస్టారు మాత్రం సరదాకు కొట్టించలేదు. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వచ్చాయి, గుర్తుండే ఉంటుంది. లేత కొమ్మల రసాన్ని టీ దోమ పీలిస్తే, ఆ గాయాల్లోంచి ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం చేరి కొమ్మను చంపుతుందని శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు తర్వాత కోలుకున్నాయి. ఈ చెట్టూ ఒక పక్క కోలుకుంది. రెండో పక్క, సరిగ్గా డాబా మీదికి ఒరిగిన పక్క, ఎండి పెళ్లలు రాల్చడం మొదలుపెట్టింది. వాల్టా చట్టం 2002లో వచ్చాక సొంత పెరట్లో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఆ కాగితాల పని పూర్తిచేసే కొట్టించారు.

చెట్టు పోయింది గానీ మొద్దు చావలేదు. వానలు పడగానే బెరడు పగుళ్లలోంచి గుత్తులు గుత్తులుగా చిగురు. వేపకు బెరడు కింద నిద్రపోయే మొగ్గలుంటాయి, వేర్లలో దాచుకున్న పిండి పదార్థం ఉంటుంది. పైన ఆకు లేకపోయినా అది కొన్నాళ్లు కూర్చుని తినగలదు. తాడి, కొబ్బరి అలా కాదు. వాటికి ప్రాణమంతా తలలోని ఒక్క మొవ్వులో ఉంటుంది, తల తీస్తే కథ ముగిసినట్టే. కొవ్వూరు దగ్గర కుమారదేవంలో గోదావరి గట్టున ఉండే నిద్రగన్నేరు, అదే జనమంతా సినిమా చెట్టు అని పిలుచుకున్నది, 2024 ఆగస్టులో కూలిపోయినప్పుడు దాని మొదలు మళ్లీ చిగిర్చాలని మందులు పూసి కాపు కాశారు. చిగిర్చింది కూడా. అక్కడ ఏ గుణానికి దణ్ణం పెట్టారో ఇక్కడ ఆ గుణంతోనే పేచీ.

మొద్దు తీసేసి అక్కడ కారుకు గచ్చు పోయించుకుందామనుకున్న మాస్టారికి సలహాలకు లోటు రాలేదు. బెజ్జాలు వేసి ఉప్పు పొయ్యమన్నవాళ్లు, ఇంగువ కూరమన్నవాళ్లు, కిరోసిన్ పోసి అంటించమన్నవాళ్లు. ఉప్పు మొద్దుకంటే ముందు పక్కనున్న మల్లెపాదును చంపుతుంది. పచ్చి మొద్దు మండదు. పైన ఆరిన భాగం అంటుకుంటే నిప్పు వేరు వెంట మట్టిలో రాజుకుంటూ రోజుల తరబడి పోతుంది, ఎక్కడ తేలుతుందో చెప్పలేం. గోడకు నాలుగడుగుల్లో అలాంటి పనులేమిటి? ఇక జేసీబీ. దానికి పని ఒక గంట. కానీ ఆ సందులో ఆటో తిరగడమే కష్టం. తిరిగినా మొద్దుకు ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క సంపు, మధ్యలో మంచినీళ్ల పైపు. యంత్రం మొద్దును పట్టి లేపేటప్పుడు వేరు ఎటు పోయిందో చూసి లేపదు. గోడ కింద దూరిన వేరును లాగిందంటే పునాది కింది మట్టి కూడా దాని వెంట వచ్చేస్తుంది.

అందుకని మనుషులు కావలసి వచ్చారు. రొంపిచర్ల వైపు నుంచి మామా అల్లుళ్లు ఇద్దరు. రోజుకూలి కాదు, గుత్త. ఎన్ని పూటలైనా మొద్దు బయటపడితేనే డబ్బు, మొద్దు వాళ్లది, వేర్లూ వాళ్లవే. బేరంలో పెద్దాయన పెట్టిన షరతులు రెండు. ఒకటి, ముందురోజు సాయంత్రమే మొద్దు చుట్టూ గట్టు కట్టి నీళ్లు నింపి ఉంచాలి. రెండోది, తవ్వకం మొదలుపెట్టే ముందే ఒక ట్రక్కు గ్రావెల్ తెప్పించి మొద్దు దగ్గరే పోయించాలి. గుంత పూడ్చడానికి గ్రావెల్ కావాలంటే అర్థం ఉంది. గుంతే తవ్వకముందు ఎందుకో మాకెవరికీ అంతుపట్టలేదు.

నీళ్ల సంగతి మాత్రం పల్నాటి నేల తెలిసినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఇది నల్లరేగడి. ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది, గడ్డపార వేస్తే ఖంగుమంటుంది. తడిస్తే ఉబ్బి పారకు అంటుకుని ఊడిరాదు, తీసిన మట్టికంటే పారకు పట్టిన మట్టే ఎక్కువ. ఈ రెండింటి మధ్య ఒక పదును ఉంది, విత్తనం వేసే రైతు కనిపెట్టే పదునే. పొద్దున్నే వచ్చి పెద్దాయన గుప్పెడు మట్టి తీసి పిసికి, ఉండ చేసి, బొటనవేలితో నొక్కాడు. ఉండ మెత్తగా సాగకుండా పగిలింది. అప్పుడు చొక్కా విప్పాడు.

సరంజామా గోనెలోంచి తీసి వరసగా పెట్టారు. రెండు పారలు, రెండు గడ్డపారలు, ఇనపచీలలు నాలుగు, సమ్మెట, మోకు, ఆరడుగుల సరుగుడు బాదు, గొడ్డళ్లు రెండు. గొడ్డళ్లు రెండెందుకో కాసేపటికి తెలిసింది. ఒకటి కూలీ లాంటిది, ఒకటి రాజు లాంటిది. మొదటిది అంచు అరిగి, మొద్దుబారి, మట్టిలో రాయి తగిలినా ఫరవాలేదన్నట్టుండేది. సన్న వేర్లు దానితో. రెండోది లారీ కమాన్ పట్టీ ముక్కతో కమ్మరి సాగగొట్టినది, తుమ్మ కామ. అది మట్టి తగిలే చోటికి రాదు. పెద్ద వేరు పూర్తిగా తేలి, మట్టి వదిలి, శుభ్రమయ్యాక దాన్ని తీస్తారు. ప్రతి పెద్ద వేరు తర్వాతా అల్లుడు దాన్ని మోకాలి మీద పెట్టుకుని ఆకురాయితో నాలుగు సార్లు అటు, నాలుగు సార్లు ఇటు రుద్దేవాడు. అలసట తీర్చుకోవడం కూడా అందులోనే అయిపోయేది.

మొదటి పూటంతా వాళ్లు చెక్క జోలికే పోలేదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మనలాంటివాళ్లం అయితే ముందు గొడ్డలి తీస్తాం. వాళ్లు మట్టి తీశారు. మొద్దు అంచు నుంచి మూరన్నర వదిలి, చుట్టూ కందకంలా. చెట్టు ఎంత లోతుకు పోయినా దాన్ని పట్టుకుని నిలబెట్టే బలమైన వేర్లలో ఎక్కువ భాగం పైమూడడుగుల మట్టిలోనే పక్కలకు పాకుతాయి. ముందు వాటి లెక్క తేలాలి. పారతో పైమట్టి, గడ్డపారతో పెళ్ల, చేత్తో మిగతాది. వేరు తగలగానే దాని కిందికంటా తవ్వి, చెయ్యి అడుగున దూరి అవతల తేలేలా ఖాళీ చేస్తారు. తర్వాత చెంబెడు నీళ్లు పోసి గోనెపీచుతో తోముతారు. మట్టి కడిగిన వేపవేరు ఎర్రటి బెరడుతో, ఘాటైన చేదు వాసనతో బయటపడింది. ఒకటి తొడంత లావు, మూడు ముంజేతి లావు, మిగతావి బొటనవేళ్లు.

అల్లుడు కుర్రవాడు, బలం ఉంది. ముంజేతి లావు వేరు మీద అడ్డంగా రెండు దెబ్బలు వేశాడు. గొడ్డలి దిగింది గానీ మళ్లీ రాలేదు.

"అడ్డంగా కొట్టమాక. ఏటవాలుగా ఎయ్. ఎడంపక్కోటి, కుడిపక్కోటి. పేడు దానంతటదే లేచిద్ది."

"నోరు ఎంత తియ్యాలి మామా?"

"వేరు ఎంత లావుంటే నోరంత. ఇరుగ్గా తీస్తే లోపలికి పోయేసరికి పట్టేసిద్ది."

నార పొడుగునా ఉంటుంది. దానికి అడ్డంగా కొడితే దెబ్బ నారనంతా ఒకేసారి తెంచాలి. ఏటవాలుగా కొడితే నారల మధ్యకు దూరుతుంది. రెండో పక్క నుంచి పడిన దెబ్బ మొదటిదాన్ని కలుసుకున్నచోట పేడు ఎగిరి అవతల పడుతుంది. నోరు వేరంత వెడల్పు ఉండాలన్నది కొలతబద్ద అక్కర్లేని కొలత. ఒక్కో వేరును రెండు చోట్ల నరికి మధ్య ముక్క తీసేశారు. ఒక్కచోట నరికితే వేరు తెగుతుందే గానీ మొద్దు కదలడానికి చోటుండదు, తెగిన కొసలు ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. గొడ్డలి ఆడుతున్నప్పుడు రెండో మనిషి కందకంలో ఉండడు. ఈ నియమం ఎవరూ పైకి చెప్పలేదు, ఒక్కసారీ తప్పలేదు.

ప్రహరీ పక్కకు పోయిన వేరును గోడకు జానెడు ఇవతల నరికి వదిలేశారు. అవతలి ముక్క జోలికి పోలేదు. సంపు పక్కది కూడా అంతే. గేటు వైపు పోయిన తొడంత వేరు దగ్గరకొచ్చేసరికి పెద్దాయన అల్లుణ్ణి ఆపాడు. ఆ వేరు వెంబడే ఇంకో మూడడుగులు తవ్వించాడు. దాన్ని దూరపు కొసన, మొద్దుకు నాలుగడుగుల అవతల నరికించాడు. మొద్దు దగ్గర మాత్రం ముట్టుకోనివ్వలేదు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. బేరం నాడు ఎవరో కోసుకుపోయారని వాపోయిన మీటకర్రను ఆయన మట్టిలోంచి తీసుకున్నాడు. ఇప్పుడు మొద్దుకు నాలుగడుగుల పిడి ఉంది, అదీ ఎక్కడా అతుకు లేనిది.

ఆ పిడిని పైకెత్తలేదు. పక్కకు తోశారు. కందకం అటు జానెడు, ఇటు జానెడు వెడల్పు చేసి, ఇద్దరూ గానుగ తిప్పినట్టు దాన్ని ఒకవైపు నెట్టారు, మళ్లీ రెండోవైపు నెట్టారు. పైకి లాగితే కింది వేర్లన్నీ కలిసి ఎదురుతిరుగుతాయి. మెలిపెడితే ఒక్కొక్కటే బిగిసి, బలహీనమైనది ముందు తెగుతుంది. లోపల ఎక్కడో టప్, టప్ మని చప్పుళ్లు వినిపించసాగాయి. కొంతసేపటికి చప్పుళ్లు ఆగాయి, మొద్దు మాత్రం రెండంగుళాలు కదిలి అక్కడే మొరాయించింది. ఇంకా పట్టుకున్నదేదో అడుగున ఉంది, ఎటు పక్కనో తెలియదు.

"అమ్మా, గుప్పెడు ముగ్గుపిండి ఇయ్యండి."

పెద్దాయన కందకంలోకి దిగి, మొద్దు అడుగుకూ నేలకూ కలిసే చోట చుట్టూ ముగ్గుగీత వేశాడు. అల్లుడు పిడిని మెల్లగా నెట్టాడు. గీత మూడు వైపులా చిట్లింది. ఆగ్నేయం మూల మాత్రం జానెడు మేర అతికినట్టే ఉండిపోయింది. చిట్లినచోట మొద్దు నేలను వదిలింది. చిట్లనిచోట మట్టి కూడా మొద్దుతో పాటే కదులుతోంది, అంటే దాని కింద వేరు పట్టి ఉంది. చుట్టూ తవ్వి వెతికే పని అంతటితో తప్పింది. ఆ మూల నుంచి సొరంగంలా రెండడుగులు లోపలికి తవ్వితే తల్లివేరు దొరికింది. నల్లమట్టి అయిపోయి సున్నపు గుళ్లు కలిసిన తెల్లమట్టి మొదలైనచోట అది నిటారుగా దిగకుండా పక్కకు వంగింది. అక్కడ గొడ్డలి ఆడే చోటు లేదు. గడ్డపార చదును మొన కమ్మరి చేత సాగగొట్టించి ఉంచుకున్నారు, దాన్ని ఉలిలా ఆనించి, వెనక సమ్మెటతో కొట్టి తెంచారు. ఈసారి పిడి నెట్టగానే మొద్దు చులాగ్గా తిరిగింది.

తిరిగింది సరే, గుంతలోంచి పైకి రావాలి కదా. అంచనా వేద్దాం. రెండున్నర అడుగుల అడ్డం, రెండడుగుల ఎత్తు, దాదాపు పది ఘనపుటడుగుల చెక్క. పచ్చి వేప ఘనపుటడుగు పాతిక కిలోలు వేసుకున్నా రెండు వందల యాభై కిలోలు, వేర్ల మొదళ్లు కాక. గుంత లోతు మూడడుగులు. ఒకప్పుడైతే ఎడ్లను కట్టేవారు. ఇప్పుడు ట్రాక్టరు కట్టి లాగిస్తారు. మొద్దు బిగిసి ఉన్నప్పుడు ట్రాక్టరు వెనక ఎత్తులో గొలుసు తగిలించి లాగితే ముందు చక్రాలు లేచి బండి డ్రైవరు మీదికే తిరగబడుతుంది. చైన్ పుల్లీ తెచ్చినా దాన్ని తగిలించడానికి గట్టి ఆధారం కావాలి, ఆ ముంగిట్లో ప్రహరీ తప్ప ఏమీ లేదు. చీలలు కొట్టి ముక్కలు చేద్దామా అంటే, మొదలు దగ్గర నార మెలికలు తిరిగి అల్లుకుపోయి ఉంటుంది, నడిమికి చీల దిగదు. పెద్దాయన రెండు వేర్ల సందున అంచుల్లో మాత్రం చీలలు దించి నాలుగు పెద్ద చెక్కలు లేపాడు. కొంత బరువు తగ్గింది. మిగతాది అలాగే పైకి రావాలి.

అప్పుడు అర్థమైంది గ్రావెల్ సంగతి.

సరుగుడు బాదు మొద్దు కింద ఒక పక్క దూర్చారు. అడుగు కొస నుంచి అరడుగు దూరంలో బండరాయి దన్ను పెట్టారు. ఆరడుగుల బాదులో ఇవతల ఐదున్నర, అవతల అర. అంటే చేతి బరువుకు పదకొండు రెట్లు. అల్లుడు బాదు కొస మీద ఒరిగితే చాలు, మొద్దు ఆ పక్కన నాలుగంగుళాలు లేచింది. లేచిన సందులోకి పెద్దాయన రెండు పారల గ్రావెల్ విసిరాడు. బాదు తీశారు. మొద్దు దాని మీద కూర్చుంది. రెండో పక్క బాదు, మళ్లీ నాలుగంగుళాలు, మళ్లీ రెండు పారలు. ఒక పక్క ఎత్తడం, కింద పొయ్యడం, ఇంకో పక్క ఎత్తడం, కింద పొయ్యడం. మొద్దు తన గుంతలోంచి తానే మెట్టు మెట్టుగా ఎక్కి రావడం మొదలుపెట్టింది. అది దిగి కూర్చున్నప్పుడల్లా కింది గ్రావెల్ దిమ్మిస వేసినట్టు అణిగిపోతోంది. మధ్యమధ్య బిందెడు నీళ్లు చల్లుతున్నారు. మొద్దు నేలమట్టానికి వచ్చేసరికి గుంత ముప్పాతిక పూడిపోయి ఉంది. ఎత్తడం ఒక పని, పూడ్చడం ఒక పని, అణచడం ఒక పని అనుకుంటాం కదా. వాళ్లు ఒక్క పనే చేశారు.

మొద్దును గేటు దాకా దొర్లించేటప్పుడు అది వాలు మీద జారకుండా అల్లుడు పిడి వేరుకు మోకు వేసి వెనక నుంచి బిగబట్టాడు. ఆ ముడి చూసి అడిగాను, ఎక్కడ నేర్చుకున్నావని. శివరాత్రికి వాళ్ల ఊరి ప్రభ కోటప్పకొండకు కడతారట, మోకుల దగ్గర తనే ఉంటాడట. ఎనభై తొంభై అడుగుల ప్రభ ఎడ్లబండి మీద ఊగుతూ పోతున్నప్పుడు అన్ని వైపులా మోకులు పట్టినవాళ్లు ఒకరు వదిలేది ఇంకొకరు అందుకోవాలి, ఎవరూ గట్టిగా లాగకూడదు. ఏడాదికోసారి కొండకు చేసే సేవలో అలవడిన చెయ్యి మిగతా రోజుల్లో ఇలా అన్నం పెడుతోంది. పల్నాడు చుట్టుపక్కల ఇలాంటి కుర్రవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు, మనం వాళ్లను కూలీలని ఒక్కమాటతో కొట్టేస్తాం.

గోడ కింద మిగిలిపోయిన వేరు సంగతి మాస్టారు అడిగారు. వేప వేరు గాయపడితే దాని మీదనుంచీ మొలక లేస్తుంది.

"లేచిద్ది మాస్టారూ, ఈ వానలకే లేచిద్ది. లేచినప్పుడల్లా గోటితో గిల్లెయ్యండి. ఆకు లేకపోతే ఎన్నాళ్లు బతికిద్ది? దాన్ని లాగితే మీ గోడ నాతో పాటు వచ్చిద్ది."

"మరి గచ్చు రేపే పోయించుకోవచ్చా?"

"కారు రేపే పెట్టుకోండి. గచ్చు మాత్రం ఈ వానాకాలం పోనిచ్చి పోయించండి. మనం ఎంత అణిచినా నల్లమట్టి పక్కన ఉంది, అది ఒకసారి ఉబ్బి తగ్గాలి."

డబ్బు లెక్కపెట్టుకుని, మొద్దును ఎక్కించుకోవడానికి ట్రక్కు ఆటోను పిలిచారు. అందులో వేసుకున్న వేర్లు, చెక్కలు ఏం చేస్తారని మాస్టారి భార్య అడిగితే, చెక్కలు టీ కొట్టు పొయ్యికి పోతాయని, తొడంత వేరు మాత్రం అమ్మనని పెద్దాయన అన్నాడు. అందులో చేవ బాగుందట. నీడన ఆరబెట్టి రోకలి తీయించాలని ఉందట.